మూడు రోజుల బండి

గురువారం పొద్దున ఆరు గంటలకు సునంద పెంటయ్య కిరాణా దుకాణంలో అగరుబత్తుల డబ్బా వెనక మేకుకు వేలాడుతున్న తాళం చెవి తీసుకుని, బయట ఉన్న చిన్న ట్రాలీ బండి తలుపు తెరిచి, ముందు సీటు చూసింది. ఎప్పటిలాగే అది వెనక్కి పోయి ఉంది. బాలరాజ్ ఆరడుగుల మనిషి. సునంద అయిదడుగులకు రెండు వేళ్లు తక్కువ. పెళ్లినాడు ఫొటోగ్రాఫర్ ఆమెను పీట ఎక్కించి సరిచేసిన ఆ తేడా, విడాకులయ్యాక ఇలా సీటు కింద పట్టాలోకి వచ్చి చేరింది. కింది కడ్డీ పైకి లాగి, నడుముతో ఒక ఊపు ఊపి, నాలుగు గాట్లు ముందుకు జరుపుకుంది. పక్క అద్దంలో ఆకాశం కనపడుతోంది. దాన్ని వంచి రోడ్డుకు తెచ్చింది.

తర్వాత మీటరు. శనివారం సాయంత్రం తను దిగినప్పుడు ఎంతుందో దానికి సరిగ్గా మూడు కిలోమీటర్లు ఎక్కువ.

"మల్ల తీగ పీకిండు," అనుకుంది. మీటరు తిరక్కపోతే ఆయిలు మార్చే వంతు రాదు. ఆ తెలివి కాపురంలో కూడా ఉండేది.

బండి మలుపు తిరిగి తూర్పుకు మళ్లగానే ఎండ ముందు అద్దంలోంచి పడి, ఆమె ఒడిలో ఏవో అక్షరాల నీడలు కనపడ్డాయి. దిగి చూసింది. అద్దం పైభాగాన ఎర్రటి రేడియం అక్షరాల్లో రేఖ అని రాసి ఉంది. అటొక గుండె గుర్తు, ఇటొక గుండె గుర్తు.

ఈ ఫ్యాక్టరీల బెల్టులో బండి నుదుటి మీద పేరంటే మామూలు సంగతి కాదు. కొడుకు పుడితే కొడుకు పేరు, కోరిక తీరితే దేవుడి పేరు, అప్పుడే పెళ్లయితే పెళ్లాం పేరు. ఇంటి గుమ్మం మీద లేని పేరు కూడా బండి మీద ఉంటుంది. సునంద పేరు కూడా ఒకప్పుడు అక్కడే ఉండేది. దాన్ని గీకేసిన జిగురు మరక ఇంకా పోలేదు. ఆ మరక మీదే రేఖ కూర్చుంది.

ఇంట్లోంచి ఖాళీ బుట్టలు మోసుకొచ్చిన తల్లి ముత్యమ్మ కళ్లు చికిలించి చూసింది. "ఎవరిదే ఆ పేరు?"

"బండిదే అమ్మ. నామకరణం చేసిండ్రు."

"చదువుకున్నదానివి, నీకే తెలువాలె," అని ముత్యమ్మ బుట్టలు ఎక్కించింది. బాలరాజ్ మళ్లీ పెళ్లి చేసుకుంటున్నాడనీ, అమ్మాయి పేరు రేఖ అనీ తల్లికి తెలుసు. తెలుసని సునందకూ తెలుసు. ఆ సంగతి ఇద్దరి నడుమ మూత పెట్టిన గిన్నెలా ఉంది.

పటేల్‌గూడలో నలభై రెండు ఇళ్ల నుంచి క్యారియర్లు తీసుకుని, పన్నెండున్నర కొట్టేలోపు మూడు ఫ్యాక్టరీ గేట్ల దగ్గర దించడం సునంద పని. డబ్బా పిడికి ఉన్న ఊలు దారం రంగును బట్టి గేటు, వేసిన ముడులను బట్టి మనిషి. ఈ పనికి గురు, శుక్ర, శనివారాలే బండి ఉంటుంది. సోమ, మంగళ, బుధవారాలు బండి బాలరాజ్‌ది. ఆ మూడు రోజులు నలభై రెండు మందీ క్యాంటీన్ పప్పు తింటారు. సునంద కర్రీ పాయింటు వాళ్లకు వెల్లుల్లి పొట్టు తీస్తుంది. మంగళవారం మధ్యాహ్నానికి ఆమె వేళ్లు వెల్లుల్లి తప్ప మరో వాసన ఎరగవు.

పద్మావతమ్మ గుమ్మంలోనే ఎదురైంది. కోస్తా నుంచి వచ్చి ముప్పై ఏళ్లయినా ఆమె మాటా మారలేదు, గోంగూరలో కారమూ తగ్గలేదు. కొడుకు వెంకట సాయి పెద్ద ప్లాంటులో ఫిట్టరు.

"మూత కాస్త వదులుగా ఉందమ్మా, నిలబెట్టి తీసుకెళ్లు. ఇదేవిటీ? రేఖ ఎవరూ?"

"రాబోయే యజమానురాలు, అమ్మా."

పద్మావతమ్మ ఆ అక్షరాలను, తర్వాత సునంద మొహాన్ని చూసింది. "గుండెలు కూడానా!" అంది. లోపలికి వెళ్లి, మరో చిన్న డబ్బా తెచ్చి సునంద చేతిలో పెట్టింది. "ఇది నీకు. గోంగూర."

పెద్ద ప్లాంటు గేటు దగ్గర సెక్యూరిటీ యాదన్న బండి చూసి లేచి సెల్యూట్ కొట్టాడు. "రా రా రేఖమ్మా, జల్దీ రా!"

"నవ్వకు అన్నా. రేపు నీ టోపీ మీద గూడ రాయిస్తడు."

అక్షరాలు కప్పుదామని శుక్రవారం అట్టముక్క మీద భోజనం అని రాసి అద్దం లోపల పెట్టింది. అట్ట జారి కిందికి దిగింది. బయటి నుంచి చూసేవాళ్లకు పైన రేఖ, కింద భోజనం. సిగ్నల్ దగ్గర ఇద్దరు లారీ డ్రైవర్లు వచ్చి, "అక్కా, మీల్స్ ఉన్నయా?" అని అడిగారు. అట్టముక్క తీసి సీటు కింద పడేసింది. బ్లేడుతో గీకడానికి ఆమెకు చేతులు లేక కాదు. పెద్దమనుషులు బండిని చెరి సగం అన్నప్పుడు అద్దం ఎవరి సగంలోకి వస్తుందో చెప్పలేదు.

సాయంత్రం పెంటయ్య దుకాణంలో వేరే కబురు ఉంది.

"బిడ్డా, ఆదివారం పంచాయతీకి పెద్దరాములు వస్తుండు. బాలరాజ్ పిలిపించిండు," అన్నాడు పెంటయ్య, పంచదార పొట్లం కడుతూ. మూడేళ్లుగా ఈ ఇద్దరి మాటలూ మోసేది ఆయనే. వాళ్లు ఎదురుబొదురుగా నిలబడ్డా ఆయనతోనే మాట్లాడతారు. "బండి మొత్తం తనకే గావాలంటుండు. పెండ్లయినంక ఆ పిల్ల పేరు మీదికి మారుస్తడట."

సునంద ఆ రాత్రి ట్రంకు పెట్టె అడుగున ఉన్న స్టాంపు కాగితం తీసి, మర్నాడు పద్మావతమ్మ ఇంటికి పట్టుకుపోయింది. ఆమె భర్త నరసింహమూర్తి ప్లాంటు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. కాగితం చేతికి దొరికితే కళ్లజోడు తుడవకుండా చదవడు. తుడిచి, పైకి చదివాడు: "బండి ఇద్దరిది. సోమ మంగళ బుధ బాలరాజ్. గురు శుక్ర శని సునంద. ఆదివారం బండికి సెలవు." ఆగి తలెత్తాడు. "బండికి సెలవా! మా ప్లాంటులో మనుషులకే ఇంత ధర్మం లేదు. ఆర్సీ ఎవరి పేరున ఉందమ్మా?"

"ఆయన పేరునే సార్."

"ఒక్కడి పేరేనా?"

"అప్పుడు ఇంట్ల మొగోని పేరు రాయిస్తే అయిపోతది అనుకున్నం."

నరసింహమూర్తి కాగితాన్ని పాత మడతల మీదే మళ్లీ మడిచాడు. "ఈ కాగితం మీ వీధి చివరిదాకా చెల్లుతుంది. సంగారెడ్డి ఆర్టీఏ ఆఫీసుదాకా వెళ్లదు. రేపు అతను ఎవరికి రాసిచ్చినా నిన్ను అడగక్కర్లేదు. కాగితం చూపించి గెలవలేవు తల్లీ."

ఆ శనివారం సునంద డబ్బాలన్నీ దించేశాక గేటు పక్కన బండి ఆపి, గోంగూర అన్నం తింది. స్టీరింగు మీద తొడిగిన అల్లిక తొడుగు ఆమె అల్లిందే. ఎడమవైపు తలుపు చప్పుడు చేయకుండా ఉండేందుకు గొళ్లెంలో పెట్టిన రబ్బరు ముక్క ఆమె పాత చెప్పుది. బండిలో ఏ నట్టు ఎక్కడ వదులో ఆమెకు తెలుసు. ఆ బండి పోతే వారానికి ఏడు రోజులూ వెల్లుల్లే.

ఆదివారం పది గంటలకు పెంటయ్య దుకాణం ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేశాడు. సెలవులో ఉన్న బండి పక్కనే నిలబడి ఉంది, దాని గురించే పంచాయతీ అని తెలిసినట్టు. పెద్దరాములు వచ్చి తలగుడ్డ విప్పి దులిపి భుజాన వేసుకున్నాడు. అది కోర్టు మొదలైన గుర్తు. బాలరాజ్ వెంట ఒకమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. మందుల కంపెనీ గుర్తింపు కార్డు మెడలోనే ఉంది. డ్యూటీ మధ్యలో గంట పర్మిషన్ తీసుకొచ్చినట్టుంది. ఆమె రేఖ అని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. బండి అద్దం వైపు చూడకుండా వచ్చి కూర్చున్నది ఆమె ఒక్కతే.

"చెప్పు బాలరాజ్. నీ బాధేంది?"

"బాధేం లేదు మామా. మూడు రోజుల బండికి కిరాయి ఎవడిస్తడు? బుధవారం సరుకెక్కితే గురువారం దించాలంటరు. నడమల బండి మారుతది. ఆర్సీ నా పేరు మీదనే ఉన్నది. మొత్తం ఇడిసిపెట్టుమనుండ్రి."

"ఏమంటవ్ సునందా?"

"ఇడిసిపెడితే నలభై రెండు డబ్బాలు నెత్తి మీద మోయాల్నా మామా?"

"ఆటో మాట్లాడుకొమ్మను సేటూ," అన్నాడు బాలరాజ్, పెంటయ్యతో.

"ఆటోల గోంగూర నిలవడదు సేటూ, చెప్పు," అంది సునంద, ఆమె కూడా పెంటయ్యతోనే. "ఇంకొక మాట గూడ అడుగు. ఏడాది నుంచి ఆ మూడు రోజులు మీటరు తీగ ఎందుకు పీకుతుండో అడుగు. నేను శనివారం దిగినప్పుడు ఎంతుంటదో గురువారం నాటికి దానికి మూడే ఎక్కువ. ఆయిలు మార్చే వంతు ఎప్పటికీ నాదే కావాలెనా?"

పెంటయ్య అడగడానికి నోరు తెరిచాడు. అవసరం లేకపోయింది.

"తీగ పీకలే," అన్నాడు బాలరాజ్. మూడేళ్లలో నేరుగా ఆమెతో అన్న మొదటి మాట అది. అని, తన చెప్పుల వైపు చూశాడు.

"పీకకుంటే ఆ మూడు కిలోమీటర్ల కిరాయి ఎవరిది? చీమలదా?"

పెద్దరాములు మీసాల్లో నవ్వుకున్నాడు. బాలరాజ్ నవ్వలేదు, కోప్పడలేదు. బొటనవేలితో నేల గీస్తున్నాడు. అతన్ని అంత పొడుగున్న మనిషిగా చూడటం ఆ క్షణంలో కష్టంగా ఉంది.

"కిరాయి గాదక్కా," అంది రేఖ. "ఈడికెల్లి మా గల్లీకి కిలోమీటరున్నర. పోను రాను మూడు."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. రేఖ మెడలో కార్డు తాడును వేలికి చుట్టుకుంటూ నెమ్మదిగా చెప్పింది. "ఏడాదాయె, ఆయన గోదాంల ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతుండు. పొద్దున ఎనిమిదింటికి పోతడు, ఆరింటికొస్తడు. ఆయన రూము, నా రూము ఒక్క గల్లీలనే. బండి గల్లీ మొగదల నిలవడి ఉంటది. సోమారం, మంగళారం, బుధారం. ఒక్క కిరాయి గూడ కొట్టడు."

"మరి సోమారం సోమారం పొద్దుగాల్నే వచ్చి తాళం చెవి తీస్కపోతుండె గద?" అన్నాడు పెంటయ్య.

"ఆయన వంతు గద సేటూ. తీస్కపోతడు."

సునంద నోటి వెంట అనుకోని మాట వచ్చింది. "నడుపకుంటే సీటెట్ల వెనుకకు పోతది?"

రేఖ బాలరాజ్ వైపు ఒకసారి చూసింది, చెప్పనా అన్నట్టు. అతను తల ఎత్తలేదు.

"డ్యూటీకెల్లి వచ్చినంక అండ్ల పోయి కూసుంటడు అక్కా. అద్దాలెక్కించుకొని. చాయ్ గూడ ఆడికే తెచ్చుకుంటడు. నేను కొట్లాడిన. నేనంటే ప్రేమ, పావురముంటే ఆ బండి మీద నా పేరు రాయించు అన్న. నా తప్పే. రాయించిండు. రాయించి, మల్ల పోయి నా పేరు కింద కూసున్నడు."



"ఈ బండి నాకొద్దు మామా," అంది రేఖ. "నా పేరు మీదొద్దు, మా గల్లీలొద్దు. నేను మనిషిని చేసుకుంటున్న. మనిషి ఇంట్ల కూసోవాలె."

సునందకు మొదట కోపం రాలేదు. మొదట వెల్లుల్లి వాసన వచ్చింది. ఏడాది పొడుగునా సోమవారాలు, మంగళవారాలు, బుధవారాలు వరసగా కళ్ల ముందు నిలబడ్డాయి. గోళ్ల సందుల్లో మంట, క్యాంటీన్ పప్పు నీళ్లు అని గురువారాల్లో మొత్తుకునే నలభై రెండు మంది, కిలోమీటరున్నర దూరంలో గల్లీ మొగదల ఊరికే ఎండుతున్న బండి. నడుపుకోవడానికి తీసుకుపోతే వంతు అనుకుంది. నిలబెట్టడానికి తీసుకుపోయాడు. అది తన మీద కక్షో, తనంటే ఇంకేదైనానో ఆమెకు తేల్చుకోబుద్ధి కాలేదు. ఏదైనా సరే, వెల్లుల్లి పొట్టు తీసింది మాత్రం తనే.

"మామా, నాకు మూడు రోజులొద్దు," అంది. గొంతు ఆమె అనుకున్న దానికన్నా నెమ్మదిగా వచ్చింది. "ఏడు రోజులు గావాలె. ఆదివారం గూడ."

"ఆదివారం బండికి సెలవని రాసుకున్నం గద బిడ్డా."

"దాని సెలవులన్నీ ఏడాదిల వాడుకున్నది మామా."

పెద్దరాములు బాలరాజ్ వైపు తిరిగాడు. బాలరాజ్ లేచి, చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరులో ఉన్న ఆర్సీ కార్డు తీసి, పెట్టడానికి చోటు వెతికి, పెంటయ్య ఎలక్ట్రానిక్ తక్కెడ మీద పెట్టాడు. తక్కెడ ఎనిమిది గ్రాములు చూపించింది.

"బుధవారం సంగారెడ్డి పోదాం," అన్నాడు. "ఇంకొక వంతున్నది నాకు."

రేఖ పెంటయ్యను బ్లేడు అడిగి తీసుకుంది. తన పేరు తానే గీకింది, గీత కూడా మిగలకుండా. ఒక గుండె గుర్తు మాత్రం ఎంతకీ ఊడలేదు. "సారీ అక్కా," అంది. "ఉండనియ్యి చెల్లె," అంది సునంద, "దానికి పేరు లేదు గద."

బుధవారం సునంద బస్సులో సంగారెడ్డి వెళ్లింది. బండి బాలరాజ్ తెచ్చాడు. ఆర్టీఏ ఆఫీసు ముందు చింత చెట్టు కింద ఏజెంట్లు, జిరాక్సు మిషన్లు, హెల్మెట్లు అమ్మేవాళ్లు. ఫారాలు నింపాక చాసిస్ నంబరు అచ్చు తీసి అతికించాలన్నారు. ఇనుము మీద కొట్టిన ఆ నంబరు మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అంకెలు తెల్లగా తేలతాయి. బాలరాజ్ కాగితం పట్టుకుని బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. సునంద కొంగు దోపుకుని, మట్టిలో మోకాలు ఆనించి, ముందు చక్రం వెనక చేయి పెట్టి బురద తుడిచింది. "ఈడ."

అతను వంగి రెండు చేతులతో కాగితం అదిమిపట్టాడు. ఆమె రుద్దింది. తలలు దగ్గరగా వచ్చాయి. అతని దగ్గర గ్రీజు వాసన, ఆమె వేళ్ల దగ్గర వెల్లుల్లి వాసన.

"కదిలించకు," అంది.

కదిలించలేదు. ఒక్కొక్క అంకె బయటికొచ్చింది, చివరిది సగమే పడింది. మళ్లీ పెట్టి మళ్లీ రుద్దారు.

కిటికీ లోపలి గుమాస్తా ఆధార్ చూసి కళ్లజోడు పైకి నెట్టాడు. ఆమె ఆధార్‌లో ఇంకా భర్త పేరు బాలరాజ్ అనే ఉంది. "ఏందమ్మా, మొగడు పెండ్లానికి అమ్ముతుండా?"

"ఇప్పుడు కాదు సార్," అంది సునంద.

"మరేంది? అమ్ముడా, గిఫ్టా?"

వెనక నుంచి బాలరాజ్ అన్నాడు. "వాపస్ సార్."

"వాపస్‌కు ఫారం లేదయ్యా," అని గుమాస్తా అమ్మకం దగ్గర టిక్కు పెట్టి, ఇద్దరి సంతకాలూ తీసుకున్నాడు.

బయటికొచ్చాక బాలరాజ్ తాళం చెవి ఆమె చేతికే ఇచ్చాడు. పెంటయ్య లేడు, మేకు లేదు, ఇంకెక్కడ పెట్టాలో తెలియక ఇచ్చినట్టు ఇచ్చాడు. "క్లచ్ జెర టైట్ చేయించు," అన్నాడు. "చేయించిన, పోయిన శుక్రవారమే," అంది. అతను తల ఊపి, బస్టాండు వైపు నడిచాడు.

సీటు వెనక్కే ఉంది. నాలుగు గాట్లు ముందుకు జరుపుకుంది. అద్దంలో ఆకాశం. కిందికి వంచుతుంటే మధ్యలో అతని వీపు తగిలింది, జనంలో అందరికన్నా తల ఎత్తుగా. చేయి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఇంకాస్త వంచింది, రోడ్డు వచ్చేదాకా.

శనివారం సాయంత్రం అలవాటుగా పెంటయ్య దుకాణంలోకి పోయి తాళం చెవి మేకుకు తగిలించింది. "ఎవరి కోసం బిడ్డా?" అన్నాడు పెంటయ్య. నాలుక కరుచుకుని తీసుకుంది. ఆమె గడప దాటకముందే ఆయన ఆ మేకుకు షాంపూ పొట్లాల దండ వేలాడదీశాడు. వ్యాపారస్తుడు.

ఆదివారం ఇంటింటికీ తిరిగి, రేపటి నుంచి సోమ, మంగళ, బుధవారాలు కూడా డబ్బాలు తీసుకుపోతానని చెప్పింది. సరే సరే అన్నారు అందరూ, వంటింట్లోంచి బయటికి రాకుండానే. సోమవారం పొద్దున నలభై రెండింటికి పంతొమ్మిదే చేతికొచ్చాయి. తెల్లారి అయిదింటికే డ్యూటీకి పోయినవాళ్లకు ఇంట్లో చెప్పారో లేదో తెలియదు. చెప్పినా మూడేళ్ల అలవాటు చెవుల్లో ఉండదు, కాళ్లలో ఉంటుంది.

పన్నెండున్నరకు పెద్ద ప్లాంటు గేటు ముందు బండి ఆపితే యాదన్న కుర్చీలోంచి లేవకుండానే వింతగా చూశాడు. "ఏమైంది బిడ్డా? ఇయ్యాల సోమారం గద?"

"సోమారమే అన్నా."

"మరి నువ్వొచ్చినవ్?"

సునంద ఆ గేటు డబ్బాలు తొమ్మిదీ దించి, అరుగు మీద దారం ముడుల వరసలో పేర్చింది. ఎవరూ రాలేదు. చువ్వల గేటు అవతల క్యాంటీన్ ముందు వరస అప్పటికే షెడ్డు మలుపు దాకా సాగింది. వీపులు ఇటు, మొహాలు పప్పు వైపు. గోంగూర డబ్బా మీద చేయి పెట్టి చూసింది. ఇంకా వేడిగా ఉంది. ఎంతసేపుంటుందో చెప్పలేం.

బండెక్కి హారన్ కొట్టింది. గురువారాల్లో కొట్టినట్టే, మూడుసార్లు.

వరసలో ఒకరిద్దరు వెనక్కి తిరిగి చూసి, మళ్లీ ముందుకు తిరిగారు. ఒకడు పక్కవాడిని ఏదో అడిగాడు. పక్కవాడు ఫోన్ తీసి తారీఖు చూశాడు. మళ్లీ మూడుసార్లు కొట్టింది, ఈసారి కాస్త పొడుగ్గా.

వరసలోంచి వెంకట సాయి బయటికొచ్చాడు. గేటు వైపు నాలుగడుగులు వేసి ఆగి, తమ గేటు నీలం దారం కనపడగానే పరుగెత్తాడు. క్యాంటీన్ ఖాళీ పళ్లెం అతని చేతిలో అలాగే ఉంది.